ఆ రెండు కిలోలు

పోయిన మే నెల. నాగారంలో పొద్దున ఎనిమిదికే ఎండ మాడు పగలగొడుతోంది. మా మేనకోడలు మాత్రం రెండు టీషర్టులు, వాటి మీద రెయిన్‌కోటు వేసుకుని మేడ మీద స్కిప్పింగ్ చేస్తోంది. పక్కన ఒక ప్లాస్టిక్ గ్లాసు. మధ్యమధ్యలో ఆగి అందులో ఉమ్ముతోంది.

“ఏందే ఇది?” అన్నాను.

“వెయిట్ కట్ మామా. 51 ఉన్న. ఎల్లుండికి 48కి దిగాలె.”

నేనేం చేశానో తెలుసా? ఆపలేదు. వీడియో తీశాను. కింద ‘డెడికేషన్’ అని రాసి, రెండు నిప్పు ఎమోజీలు తగిలించి స్టేటస్ పెట్టాను. సాయంత్రానికి బోలెడు లైకులు. నేనే రింగ్‌లోకి దిగినంత ఫీలింగ్!

మర్నాడు ఆ పిల్ల మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయింది. నుదుటి మీద నాలుగు కుట్లు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కుతుంటే మా అక్క నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఫోన్ తీసి నా స్టేటస్ నాకే చూపించింది. అంతే.

కాసేపటికి కోడలు కళ్లు తెరిచి అన్న మొదటి మాట: “నిఖత్ అక్క కూడా ఇట్లనే చేసింది కద మామా?”

నా దగ్గర జవాబు లేదు. నిఖత్ జరీన్ అంటే నాకు తెలిసింది పతకాలు, ఫొటోలు, స్వాగత ర్యాలీలు. ఆ రాత్రి ఆసుపత్రి కుర్చీలో కూర్చుని ఆమె కెరీర్‌ని మొదటిసారి కాటా మీద పెట్టి చూశాను.

నిజామాబాద్ అమ్మాయి. నలుగురు అక్కాచెల్లెళ్లలో ఒకరు. 2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్. 2017లో భుజం గాయం. 2019 డిసెంబర్‌లో ఒలింపిక్ క్వాలిఫయర్స్ ట్రయల్‌లో మేరీకోమ్ చేతిలో 9-1తో ఓటమి. చాలామంది కెరీర్ అక్కడే ఆగిపోతుంది. ఆమె ఆగలేదు. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయిలాండ్ బాక్సర్ జిట్‌పాంగ్ జుటామస్‌ని 5-0తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయింది.

ఏ బరువులో? 52 కిలోల్లో.

ఇక్కడే అసలు మెలిక. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆడవాళ్లకి 12 బరువు తరగతులు ఉండేవి. పారిస్ ఒలింపిక్స్‌లో ఉన్నవి ఆరే. అందులో 52 లేదు. 50 ఉంది, 54 ఉంది. అంటే కిందికి దిగాలి, లేదా తన కంటే పెద్దవాళ్లతో కొట్లాడాలి. ఆమె దిగింది. ఇస్తాంబుల్ తర్వాత మూడు నెలలు తిరక్కుండానే 50 కిలోల్లో కామన్వెల్త్ స్వర్ణం. 2023 మార్చిలో ఢిల్లీలో అదే 50లో మళ్లీ ప్రపంచ ఛాంపియన్.

రెండు కిలోలే కదా అనుకోకండి. 90 కిలోల మనిషికి మూడు కిలోలంటే ఒంట్లో ముప్పయ్యో వంతు. 51 కిలోల పిల్లకి పదిహేడో వంతు. మనిషి ఎంత తేలికైతే కిలో అంత బరువన్నమాట! పైగా రెండు రోజుల్లో దిగేది కొవ్వు కాదు, ఎక్కువగా నీళ్లే. నీళ్లు తగ్గితే ఒంట్లో రక్తం తగ్గుతుంది, గుండె దడదడలాడుతుంది, వచ్చే పంచ్ కనిపించినా తల పక్కకి తిరగదు.

ప్రొఫెషనల్ బాక్సర్లకి మామూలుగా ముందురోజే బరువు చూస్తారు. తిని, తాగి, నిద్రపోయి తేరుకోవడానికి ఒక రాత్రి దొరుకుతుంది. ఒలింపిక్ బాక్సింగ్‌లో అలా కాదు. బౌట్ ఉన్న రోజు పొద్దున్నే కాటా ఎక్కాలి. అదే రోజు రింగ్ ఎక్కాలి. బౌట్ ఉన్న ప్రతిసారీ ఇదే తంతు.

2024 ఆగస్టు 1న పారిస్‌లో నిఖత్ చైనా బాక్సర్ వు యు చేతిలో 5-0తో ఓడిపోయింది. బరువు కోసం రెండు రోజులు తిండి లేదని, కాటా దిగాకే నీళ్లు తాగానని, తేరుకునే టైమ్ దొరకలేదని తర్వాత ఆమే చెప్పింది. ఓటమికి అదొక్కటే కారణం అనను. వు యు కూడా 52లో ప్రపంచ ఛాంపియన్. ఆమే 50కి దిగి పారిస్‌లో స్వర్ణం కొట్టింది. సరిగ్గా ఆరు రోజులకి, ఆగస్టు 7న, అదే పారిస్‌లో రెజ్లర్ వినేశ్ ఫోగట్ 100 గ్రాముల తేడాతో ఫైనల్ ముందు అనర్హురాలైంది. అది కూడా 50 కిలోలే.

పొద్దున కోడలికి ఇదంతా చెప్పాను. “అక్క చేసింది నిజమే. కానీ ఆమెకి వేరే దారి లేక చేసింది. పెద్దయ్యాక, డాక్టర్లు, కోచ్‌లు పక్కనుండగా చేసింది. అయినా ఒళ్లు ఎండిపోయింది. నీకు పదిహేనేళ్లు. పక్కన ఉన్నది నేను, నా ఫోను. అసలు నిన్ను 48కి ఎవరు దిగమన్నారు?”

“అకాడమీల సీనియర్లు. 48ల ఈజీగ గెలుస్తవ్ అన్నరు.”

“52లో?”

చాలాసేపు మాట్లాడలేదు. “అండ్ల అందరు నాకంటె పొడుగుంటరు మామా,” అంది చివరికి. అదీ అసలు భయం. తిండి మానేయడం దానికి సులువుగా అనిపించింది. పొడుగు పిల్లల ముందు నిలబడటం కష్టంగా అనిపించింది.

కుట్లు మానాయి. డాక్టర్ సరే అన్నాకే మళ్లీ గ్లవ్స్ వేసుకుంది. రెండు నెలల తర్వాత 52లోనే దిగింది. ఆ రోజు పొద్దున ఇడ్లీ తిని మరీ కాటా ఎక్కింది. మొదటి బౌట్‌లోనే ఓడిపోయింది. ఎదుటి పిల్ల నిజంగానే దీనికంటే జానెడు పొడుగు. కానీ మూడో రౌండ్‌లో కూడా మా పిల్ల కాళ్లు ఆడుతూనే ఉన్నాయి.

నిఖత్ సంగతి కూడా చెప్పాలి కదా. 2025లో వరల్డ్ బాక్సింగ్ కొత్త తరగతులు పెట్టింది, అందులో 51 వచ్చింది. ఆ నవంబర్‌లో గ్రేటర్ నోయిడాలో వరల్డ్ బాక్సింగ్ కప్ ఫైనల్స్ 51 కిలోల స్వర్ణం ఆమెదే. ఆ వార్త చూసి కోడలు ఎగిరి గంతేసింది. “మామా, ఒక కిలో పెరిగింది!”

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు మ్యాచ్ కోసమో, పెళ్లి ఫొటోల కోసమో పస్తులుంటూ ఉండొచ్చు. లైక్ కొట్టే ముందు ఒక్క మాట అడగండి. “నీళ్లు తాగావా?” అని.

నేను అప్పుడు అడగలేదు. ఇప్పుడు రోజూ అడుగుతున్నాను. “తాగిన మామా, సంపకు” అని విసుక్కుంటుంది. విసుక్కోనీ.