దూరం నుంచి తీసిన బొమ్మ

ఎవరో మనల్నే చూస్తున్నారన్న సంగతి తల తిప్పకుండానే మనకు తెలిసిపోతుంది. బస్టాండులో, టీకొట్టు ముందు, కాలేజీ గేటు దగ్గర... పైట సర్దుకుంటాం, రెండడుగులు వేగంగా వేస్తాం. ఆ చూపుల గురించి మనలో మనం ఎన్నిసార్లు చెప్పుకోలేదు! అయితే ఈ వారం నేను చెప్పబోయేది అలా చూసిన మగవాడి గురించి కాదు. నా గురించే.

మాది పశ్చిమ గోదావరి జిల్లా ఉండి. నాన్నగారు పోయాక ఆయన బీరువా సర్దుతుంటే పాత పెంటాక్స్ కె-1000 కెమెరా బయటపడింది. 1976లో వచ్చి, ఇరవై ఏళ్ల పాటు ఎందరికో మొదటి కెమెరా అయిన మోడల్ అది. దాంట్లో బ్యాటరీ వెలుతురు కొలిచే ముల్లుకు మాత్రమే. ఫోకస్, షట్టర్, రీలు తిప్పడం అన్నీ చేత్తోనే. పక్కనే తోలు సంచీలో 50 మిల్లీమీటర్ల మామూలు లెన్సు, జానెడు పొడవున్న 200 మిల్లీమీటర్ల టెలీఫొటో లెన్సు ఉన్నాయి. రీలుకి 36 ఫొటోలు. ఊళ్లో కడిగేవాళ్లు లేరు కాబట్టి కొరియర్లో పంపుకోవాలి.

మొదట కైకలూరు దగ్గర ఆటపాక వెళ్లాను. కొల్లేటి గూడబాతులను చూడ్డానికి వచ్చేవాళ్ల చేతుల్లో మూరెడు లెన్సులు మీరూ చూసే ఉంటారు. అక్కడ ఆ లెన్సు అవసరమే. మనం దగ్గరికెళితే పక్షి బెదిరి గూడు వదిలి లేచిపోతుంది, పిల్లలు దిక్కులేక మిగులుతాయి. దూరంగా ఉండడమే మనం వాటికి చేసే మర్యాద. టెలీఫొటో చేసే పని కూడా అదే. మామూలు లెన్సుతో పదడుగుల నుంచి ఎంత పెద్దగా కనిపిస్తారో, 200 లెన్సుతో నలభై అడుగుల నుంచి అంత పెద్దగా కనిపిస్తారు. కాకపోతే మన చెయ్యి వణుకూ నాలుగింతలు పెద్దదవుతుంది. అందుకే షట్టర్ 250లో పెట్టి, ఊపిరి బిగబట్టి నొక్కాలి. నాలుగు రోజుల్లో అలవాటైపోయింది.

అలవాటయ్యాక ఊరుకుంటామా? అదే లెన్సు ఉండి సెంటర్లో మనుషుల మీదికి తిప్పాను.

మధ్యాహ్నం వేళ. చేపలమ్మే ఆవిడ బేరం అయిపోయాక కాలువ గట్టున చెట్టు నీడలో కూర్చుని క్యారేజీ విప్పింది. ఖాళీ తట్ట పక్కన బోర్లించి ఉంది. చెదిరిన జుట్టు, జారిన కొంగు, ముఖంలో పొద్దుటి నుంచి నిలబడిన అలసట. రోడ్డుకి ఇవతల, ఆగి ఉన్న ఆటో చాటు నుంచి నొక్కాను. ఆవిడకి తెలియదు. మూడు వారాలకు ప్రింట్లు వచ్చాయి. నిజం చెప్పొద్దూ, ఆ రీలు మొత్తంలో మంచి ఫొటో అదే. వెనక వాహనాలన్నీ మసకబారిపోయి, ఆ ముఖం ఒక్కటే తేటగా నిలిచింది.

ఎంత సంబరంగా తీసుకెళ్లి చూపించానో! ఆవిడ తడి చెయ్యి చీరకు తుడుచుకుని ఫొటో అందుకుంది. కాసేపు మాట్లాడలేదు.

"అన్నం తింటుంటే తీశావేంటమ్మా?"

"బాగుందని తీశానక్కా."

"బాగుంటే మాత్రం? ముద్ద నోట్లో పెట్టుకునేప్పుడు ఎవరన్నా చూత్తారా? అడిగుంటే చెయ్యి కడుక్కుని, కొంగు సరిచేసుకుని కూకునేదాన్ని కదా."

కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది. తినేవాళ్ల వంక చూడకూడదని, దిష్టి తగులుతుందని మా అమ్మ నాకు చిన్నప్పుడే చెప్పింది. ఆ చాటు చూపు ఎలా ఉంటుందో నాకు తెలుసు. తెలిసి కూడా చేతిలో లెన్సు ఉండేసరికి ఆటో చాటున నిలబడింది నేనే!

పక్షికి దూరం మర్యాద. మనిషికి ఆ దూరమే అమర్యాద అయింది. ఎందుకంటే పక్షిని ఎలాగూ అడగలేం. మనిషిని అడగగలిగీ అడగకపోవడానికే నేను దూరాన్ని వాడుకున్నాను.

ఫిల్ముతో ఇంకో చిక్కు కూడా ఉంది. ఫోన్లో తీస్తే అవతలివాళ్లు "ఏదీ, చూపించు" అనొచ్చు, "తీసెయ్" అనొచ్చు. రీల్లో పడ్డ బొమ్మని అక్కడికక్కడ చూపించలేం, చెరపలేం. కాబట్టి ఫిల్ము కెమెరా పట్టుకున్నవాళ్ల మీద బాధ్యత ఎక్కువే. ఆ ప్రింటు తీసుకుని మళ్లీ వాళ్ల దగ్గరికి వెళ్లే దాకా అది తీరని బాకీ.

"అడిగితే సహజంగా రాదండీ, బిగుసుకుపోతారు" అంటారు ఫొటోలు తీసేవాళ్లు. అందులో నిజం లేకపోలేదు. జాతరలో, తిరనాళ్లలో, రైలు ప్లాట్‌ఫారం మీద వందమందిని అడగలేం కూడా. కానీ ఒక్క మనిషి ముఖాన్ని ఏరి పట్టుకున్నప్పుడు ఆ మాట చెల్లదు. ముందు అడగలేకపోతే వెనక అడగొచ్చు. వద్దంటే ఆ నెగెటివ్ మనది కాదనుకోవచ్చు.

ఈ సంగతి మనకన్నా ముందే గ్రహించినవాళ్లున్నారు. హైదరాబాదులో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1892లో స్త్రీల కోసం విడిగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. తమను ఎవరు చూడాలన్నది స్త్రీలకు ఎంత పట్టింపో ఆ స్టూడియోయే చెబుతుంది. మన దేశపు తొలి మహిళా పత్రికా ఫొటోగ్రాఫర్ హోమై వ్యారవాలా చీరకట్టుతోనే బరువైన కెమెరా మోసుకుంటూ నెహ్రూ కాలపు చరిత్రను కళ్లకు కట్టారు. అంతటి మనిషి 1970లో ఈ వృత్తి వదిలేశారు. కొత్తగా వచ్చిన ఫొటోగ్రాఫర్లలో మర్యాద లోపించడం ఆమె చెప్పిన కారణం. 2011లో పద్మవిభూషణ్ వచ్చింది, మరుసటి ఏడాది కన్నుమూశారు.

చట్టం లేదా అంటే, ఉంది. స్త్రీ స్నానం చేస్తున్నప్పుడో, అలాంటి ఏకాంతంలో ఉన్నప్పుడో చాటుగా చూడడం, ఫొటో తీయడం 2013 నుంచి ప్రత్యేక నేరం. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 77వ సెక్షన్. కానీ రోడ్డు పక్కన అన్నం తినడం ఆ లెక్కలోకి రాదు. అక్కడ కాపాడాల్సింది మన సంస్కారమే.

ఇదంతా విని "మనకెందుకొచ్చిన కెమెరా" అని లోపల పెట్టేయకండి. ఇన్నాళ్లూ మన ముఖాలను ఎవరెవరో తీశారు. మన వీధిని, మన పనిని, మన తోటివాళ్లను మనం తీయాల్సిందే. బీరువాలో పాత కెమెరా ఉంటే దులపండి. లేకపోతే ఫోనే చాలు. ఇప్పుడు ఫోన్లలోనూ టెలీఫొటో లెన్సులు వస్తున్నాయి. అయితే దూరాన్ని దగ్గర చేసుకునే ముందు ఒక్కసారి మనమే దగ్గరికి నడిచి వెళదాం.

నేను మళ్లీ వెళ్లాను, ఈసారి 50 లెన్సుతో. అడిగాను. ఆవిడ కొంగు బిగించి, పెద్ద బొచ్చె చేపను రెండు చేతులా ఎత్తి పట్టుకుని, పళ్లన్నీ కనబడేలా నవ్వింది. కళ గురించి తెలిసినవాళ్లు మొదటి ఫొటోయే గొప్పదంటారు, నాకూ తెలుసు. ఆ నెగెటివ్ కవర్లో పెట్టి ఆవిడకే ఇచ్చేశాను. రెండో ఫొటో మాత్రం మూడు ప్రింట్లు వేయించాను. ఒకటి ఆవిడకి, ఒకటి అత్తారింట్లో ఉన్న వాళ్లమ్మాయికి, ఒకటి నాకు.