పెద్ద హీటర్‌తోనే చేపలకు ముప్పు

డిసెంబరు చలికి చేపలు చనిపోతాయన్న భయంతో అక్వేరియంకు హీటర్ కొంటారు. ఒకరోజు తెల్లారి చూస్తే తొట్టిలో నీళ్లు స్నానానికి కాచినట్టు ఉంటాయి, చేపలన్నీ పైకి తేలి ఉంటాయి. చంపింది చలి కాదు, హీటరే. ఇలా జరిగినప్పుడల్లా నింద ‘నాసిరకం సరుకు’ మీదకే పోతుంది. కానీ తప్పులో పెద్ద వాటా దుకాణంలో వేసుకున్న లెక్కదే.

లీటరుకు ఒక వాట్ అన్నది ఆ లెక్క. ‘కాస్త ఎక్కువే ఉండనివ్వండి’ అన్న సలహా దానికి కొసరు. 100 లీటర్ల తొట్టిలోకి 300 వాట్ల హీటర్ వచ్చి చేరేది ఇలాగే. థర్మోస్టాట్ ఉందిగా, తగినంత వేడెక్కగానే అదే ఆపేస్తుందని ధీమా. అది చెడిపోతే ఏమవుతుందని ఎవరూ అడగరు.

మామూలు హీటర్లలో థర్మోస్టాట్ అంటే రెండు లోహాలు కలిపి అతికించిన పట్టీ. వేడికి ఒక లోహం ఎక్కువ, మరొకటి తక్కువ సాగుతాయి కాబట్టి పట్టీ వంగి కరెంటు తెగుతుంది. చల్లారాక మళ్లీ కలుస్తుంది. ఇలా రోజుకు ఎన్నోసార్లు తెగి కలిసేచోట చిన్న నిప్పురవ్వలు పుడుతుంటాయి. కొన్నాళ్లకు అక్కడి లోహం గుంటలు పడి, ఒకనాడు వెల్డింగ్ చేసినట్టు అతుక్కుపోవచ్చు. ఇక కరెంటు ఆగదు. ఫ్యూజ్ కూడా ఆపదు, ఎందుకంటే హీటర్ లాగే కరెంటు ఎప్పుడూ లాగేదే.

నీళ్లు అప్పుడు ఎంత వేడెక్కుతాయన్నది వాట్లను బట్టి ఉంటుంది. తొట్టి కూడా గదిలోకి వేడిని వదులుతూనే ఉంటుంది కదా. మూత ఉన్న 100 లీటర్ల గాజు తొట్టి, గదికన్నా ఎన్ని డిగ్రీలు వెచ్చగా ఉంటే డిగ్రీకి సుమారు 8 వాట్ల చొప్పున వేడిని పోగొట్టుకుంటుంది. ఇది ఉజ్జాయింపే. మూత లేకపోతే ఇంకా ఎక్కువ పోతుంది. గదిలో 20 డిగ్రీలుండి చేపలకు 26 కావాలంటే 50 వాట్లు సరిపోతాయన్నమాట. రాత్రి పదింటికి 100 వాట్ల హీటర్ ఆగకుండా ఇరుక్కుపోతే తెల్లారి ఆరింటికి నీళ్లు 28, 29 డిగ్రీల దగ్గర ఉంటాయి. చేపలు బతికే ఉంటాయి. అదే 300 వాట్లదైతే 39 డిగ్రీలు! నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, చేప శరీరానికి ఆక్సిజన్ అవసరమేమో పెరుగుతుంది. రెండువైపులా దెబ్బే.

కాబట్టి చూడాల్సింది లీటర్లొక్కటే కాదు, గదికీ నీటికీ మధ్య ఉండాల్సిన తేడా కూడా. ఆదిలాబాద్ చలికి చాలని హీటర్ విశాఖ తీరాన అనవసరమే కావచ్చు. ఒక పెద్ద హీటర్ బదులు రెండు చిన్నవి పెట్టడం ఇంకా మంచిది. పైన చెప్పిన తొట్టిలో రెండు 50 వాట్ల హీటర్లు ఉంటే, ఒకటి ఇరుక్కుపోయినా నీళ్లు 26 డిగ్రీల దగ్గరే ఆగుతాయి. ఒకటి పూర్తిగా ఆగిపోయినా రెండోది కాచుకుంటుంది. ఖర్చు కొంచెం ఎక్కువే, కానీ ఖరీదైన చేపలు కొన్నవారు ఇక్కడ పిసినారితనం చూపడం విడ్డూరం. ‘థర్మోస్టాట్ పాడైతే నీటి వేడి గదికన్నా ఎన్ని డిగ్రీలు పెరగవచ్చు’ అన్న సంగతి పెట్టె మీద అచ్చువేస్తే కొనేవారికి మరింత మేలు. రంగుల చేప బొమ్మకు దొరికిన చోటు ఆ ఒక్క వాక్యానికి దొరకదా?

కరెంటు పోతే ఎలా అన్న భయంతో పెద్దది కొనేవారూ ఉన్నారు. నీరు అంత తొందరగా చల్లారదు. ఇదే తొట్టి మొదటి గంటలో అర డిగ్రీ కూడా తగ్గదు.

హీటర్ దీపం ఆరిపోయినా నీళ్లు చల్లగానే ఉంటే, దాని చుట్టూ నీరు కదలడం లేదేమో చూడాలి. ఫిల్టర్ నీరు వచ్చి పడే చోటికి జరిపితే చాలాసార్లు సరిపోతుంది. దీపం వెలుగుతున్నా నీళ్లు ఏమాత్రం వెచ్చబడకపోతే లోపలి తీగ తెగి ఉండవచ్చు. పెట్టిన డిగ్రీ బాగా దాటిపోయినా దీపం ఆరకపోతే థర్మోస్టాట్ అతుక్కుపోయినట్టే. తట్టి, కుదిపి మళ్లీ వాడకూడదు, పారేయాలి. గాజు గొట్టంలో తేమ కనిపించినా అంతే. హీటర్ మీది అంకెలను నమ్మి ఊరుకోకుండా విడిగా ఒక థర్మామీటర్ తొట్టిలో ఉంచాలి.

నీళ్లలో చేయి పెట్టే ముందు ప్లగ్ తీయడం తప్పనిసరి. నీళ్లు మార్చేటప్పుడైతే ప్లగ్ తీశాక పావుగంట ఆగాలి, లేకపోతే వేడి గాజు ఒక్కసారిగా గాలి తగిలో చన్నీళ్లు పడో పగలవచ్చు. వేసవి మొదలవగానే ఎలాగూ ప్లగ్ తీసిపెట్టాలి. గది 36 డిగ్రీలున్నప్పుడు ఇరుక్కుపోతే చిన్న హీటర్ కూడా చేపలను చంపగలదు. ఇక తొట్టిలో ఉన్నవి గోల్డ్‌ఫిష్ మాత్రమే అయితే, అవి చల్లని నీటిలో హాయిగా బతికే చేపలు. మన ఇళ్లలో వాటికి హీటర్ అక్కర్లేదు.