కెమెరా వచ్చేలోగా

మా ఇంట్లో కొన్ని నెలలుగా ఒక అతిథి రాకకై నిరీక్షణ సాగుతోంది. ఆ అతిథి మనిషి కాదు. లెన్సులు మార్చుకునే వీలున్న కొత్త మిర్రర్‌లెస్ కెమెరా. మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్న మా అబ్బాయి దానికోసం ఎదురుచూస్తున్నాడు. ఫజ్ర్ నమాజు ముగించుకొని వచ్చి టీ తాగేటప్పుడు అదే మాట, రాత్రి భోజనం దగ్గరా అదే మాట. ఏ లెన్సుతో దూరపు పక్షి దగ్గరవుతుందో, ఏ లెన్సుతో మనిషి ముఖం చక్కగా వస్తుందో ఇంటిల్లిపాదికీ కంఠస్థమైపోయింది.

పాత తరహా ఎస్ఎల్ఆర్ కెమెరాలో లెన్సు వెనుక ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. లోనికి వచ్చిన వెలుగును అది వ్యూఫైండర్ వైపు మళ్లిస్తుంది. మీట నొక్కగానే పైకి లేచి దారి ఇస్తుంది. కొత్త తరహాలో ఆ అద్దమే లేదు. వెలుగు తిన్నగా సెన్సర్ మీద పడుతుంది. తీయబోయే చిత్రం ముందే చిన్న తెరపై కనిపిస్తుంది. 2008లో పానసోనిక్ జి1 రూపంలో వచ్చిన ఈ పద్ధతిని 2018లో నికాన్, కానన్ సంస్థలు తమ పెద్ద సెన్సర్ల కెమెరాలలోనూ చేపట్టాయి.

ఈ విద్య మనకు పరాయిది కాదు. బస్రాలో జన్మించి ఈజిప్టులో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్ 11వ శతాబ్దంలోనే 'కితాబుల్ మనాజిర్' అనే మహాగ్రంథం రచించారు. కంటినుండి కిరణాలు వెలువడి వస్తువును తాకడం వల్ల చూపు కలుగుతుందన్న పాత వాదాన్ని ఆయన ఖండించారు. వస్తువునుండి వచ్చే వెలుగు కంటిని చేరడం వల్లనే మనం చూడగలుగుతున్నామని వివరించారు. సన్నని రంధ్రం గుండా చీకటి గదిలోకి వచ్చే వెలుగు తీరును పరిశీలించారు. కెమెరా అన్న పేరు సైతం గది అనే అర్థమున్న లాటిన్ మాటనుండే వచ్చింది. కనుక అబ్బాయి ఉత్సాహాన్ని మేము తప్పుపట్టలేదు. తప్పుపట్టవలసి వచ్చినది అతని తొందరనే.

లెన్సుతో కలిపి దాని వెల లక్షన్నర దాటుతుంది. చేతిలో అంత పైకం లేదు. "వడ్డీ లేని వాయిదాలు అబ్బా, పన్నెండు నెలలు కడితే చాలు" అన్నాడు. షరతుల కాగితం తెప్పించి చదివాము. వడ్డీ లేదన్నది పైమాటే. బ్యాంకు వడ్డీ వేస్తుంది. ఆ మేరకు వెలలో తగ్గింపు చూపుతారు. ఆ వడ్డీపై జీఎస్టీ మాత్రం కొన్నవాడే కట్టాలి. వాయిదా తప్పితే జరిమానా, మళ్లీ వడ్డీ. సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. దుకాణదారుడే ఒక ధర ఖాయం చేసి వాయిదాలలో తీసుకుంటే అది వేరు. ఇది అలాంటి బేరం కాదు. అల్లాహ్ వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేసి, వడ్డీని నిషేధించాడన్న సంగతి సూరె బఖరా చదివిన ప్రతి ఇంటికీ తెలుసు.

అప్పుడు అబ్బాయి అన్న మాటకు మావద్ద వెంటనే సమాధానం లేకపోయింది. "దాదీకి ఎనభై దాటాయి. దాదాగారి జ్ఞాపకంగా మనకు మిగిలింది హజ్ పాస్‌పోర్టు కోసం తీయించిన చిన్న ఫొటో ఒక్కటే. దాదీ విషయంలోనూ అలాగే జరగాలా? మీరు ఆగమంటున్నారు. ఆయుష్షు ఆగుతుందా?"

మాటలన్నీ వింటున్న దాదీయే జవాబు చెప్పారు. "ఆయుష్షు అల్లాహ్ చేతిలో ఉంది బేటా. నా ముఖాన్ని మాత్రం వడ్డీ పైకంతో తీయకు. అయినా నీ ఫోనులోనూ కెమెరా ఉంది కదా. కొత్తది లేక నా ఫొటో ఆగలేదు. నా దగ్గర కూర్చునే తీరిక నీకు లేక ఆగింది."

అబ్బాయి తల దించుకున్నాడు. ఆ రాత్రి ఇషా తరువాత ఆమె మంచం పక్కన గంటసేపు కూర్చున్నాడు. మరునాటినుండి జీతంలో కొంత పక్కన పెట్టసాగాడు. నేటికి ఎనిమిది నెలలు.

ఈ ఎనిమిది నెలలు వృథా కాలేదు. టోలీచౌకీనుండి ఆఫీసుకు వెళ్లే దారిలో కుతుబ్ షాహీల కాలపు శేఖ్‌పేట సరాయి, దాని మసీదు ఉన్నాయి. ఒకప్పుడు బాటసారులు విడిది చేసిన ఆ కట్టడాన్ని నాలుగేళ్లుగా దాటిపోతున్నా అబ్బాయి ఏనాడూ ఆగి చూడలేదు. కెమెరా వస్తే ఏమి తీయాలని వెతకడంలోనే అది అతని కంటబడింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక గాజు మేడలతో నిండిపోయిన ఈ ప్రాంతంలో మిగిలిన రాతిగుట్టలనూ ఇప్పుడు ఆగి చూస్తున్నాడు. చూపు, వినికిడి, హృదయం అనుగ్రహించిన ప్రభువుకు మనం చెల్లించే కృతజ్ఞత బహు స్వల్పమని సూరె ముల్క్ గుర్తుచేస్తోంది. చేతికి కెమెరా రాకముందే కంటికి విలువ తెలియడం మేలే.

అయితే మరొక ప్రమాదం పొంచి ఉంది. లెన్సులు మార్చుకునే కెమెరా ఒక లెన్సుతో తృప్తిపడనివ్వదు. విశాలదృశ్యానికి ఒకటి, ముఖాలకు ఒకటి, పక్షులకు మరొకటి. మనిషికి బంగారు లోయ ఒకటి దొరికితే రెండవది కోరుకుంటాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. అందుకే ఒక ఏడాదిపాటు ఒకే లెన్సు అని ఇంట్లో ఒప్పందం చేసుకున్నాము.

ఫొటోల విషయంలో పండితులమధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. అనుమతించినవారు సైతం హద్దులు మరువరాదన్నారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో పర్దా పాటించే స్త్రీలకోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో నెలకొల్పి, నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. నాటివారు పాటించిన ఆ మర్యాద, వలీమాలో తీసిన ఫొటోలను మరుక్షణమే పదిమందికి పంపే నేటి మనకు లేకపోతే ఎలా? ఇతరుల ముఖం మన కెమెరాలో ఉందంటే అది అమానతు. దాదీ పెట్టిన షరతు కూడా ఇదే: "తీయి. కానీ ఇల్లు దాటనీయకు."

పాఠకులారా! మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు కెమెరాకో, బండికో, ఫోనుకో ఎదురుచూస్తూ ఉంటారు. వారి ఆశను తుంచకండి. పైకం ఎక్కడినుండి వస్తోంది, వస్తువు దేనికి, దానివల్ల ఎవరి హక్కుకైనా భంగమా అని మాత్రం కలిసి కూర్చొని ఆలోచించండి. కర్మలు సంకల్పాలపైనే ఆధారపడి ఉన్నాయి కదా.

ఇన్షా అల్లాహ్, ఇంకా రెండు నెలలలో మా అతిథి వస్తుంది. దాదీ రోజూ దుఆ చేస్తున్నారు. మనవడు మాత్రం ఇషా తరువాత ఆమె పక్కన కూర్చోవడం మానలేదు. ఆమె ముఖంలోని ప్రతి ముడతా ఇప్పుడతనికి తెలుసు. అల్లాహ్ మన చూపులను కృతజ్ఞతతోను, మన సంపాదనను శుభంతోను నింపుగాక. ఆమీన్.