సిడ్నీ కాటన్ ఎవరి మనిషి?



సెప్టెంబరు 17 దగ్గర పడింది. జెండా ఎగరేస్తాం, ఉపన్యాసాలూ ఉంటాయి. ఈలోగా మన గ్రూపులో ఒక మాట తిరుగుతోంది. "రజాకార్ల వారసులు ఇంకా మన వీధుల్లోనే ఉన్నారు" అని. అది చూశాక రాయకుండా ఉండలేకపోయాను. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

కాటన్ అనగానే మనకు ధవళేశ్వరం కాటన్ దొర గుర్తొస్తాడు. నేను చెప్పేది ఇంకో కాటన్ గురించి. సిడ్నీ కాటన్, 1894లో ఆస్ట్రేలియాలో పుట్టినవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళం తరఫున విమానాలు నడిపాడు. అప్పటి విమానాలకు పైకప్పు లేదు, పైన చలికి అందరూ వణికిపోయేవారు. ఒకసారి నూనె మరకల పని బట్టలతోనే ఎగిరితే తనకొక్కడికీ చలి వేయలేదు. బట్టకు పట్టిన నూనె చలిగాలిని లోపలికి రానివ్వలేదని గ్రహించి, 1917లో 'సిడ్‌కాట్' అనే సూటు తయారు చేయించాడు. తర్వాత ఎన్నో ఏళ్ళు పైలట్లు అదే తొడుక్కున్నారు. 1939లో మామూలు ప్రయాణికుల విమానంలో కెమెరాలు దాచి, హిట్లర్ సైనిక స్థావరాలను ఫొటోలు తీశాడు. తెలివీ ఉంది, ధైర్యమూ ఉంది.

అదే మనిషి 1948లో కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో బీదర్‌కు, వరంగల్‌కు నిజాం కోసం దొంగచాటుగా ఆయుధాలు చేరవేశాడు.

అప్పుడు మన రాయచూరు నిజాం రాజ్యంలో ఒక జిల్లా. గద్వాల, అలంపురం కూడా 1956 దాకా ఈ జిల్లాలోవే. పల్లెల మీద రజాకార్ల దాడులు, తెలంగాణలో రైతుల సాయుధ పోరాటం. ఊళ్ళు రెండుగా చీలిపోయిన కాలం అది.

కాటన్‌కు నిజాం మీద సానుభూతి ఉంది. డబ్బు కూడా ముట్టింది. కానీ తాను తెచ్చిన తుపాకీ ఏ ఊళ్ళో, ఎవరి గుండెకు గురిపెడతారో చూడాల్సిన అవసరం అతనికి రాలేదు. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది, అయిదు రోజుల్లో అంతా ముగిసింది. కాటన్‌కు బ్రిటన్‌లో పడిన శిక్ష 200 పౌండ్ల జరిమానా.

ఇక్కడివాళ్ళు చెల్లించిన వెల వేరు. మొదట రజాకార్ల చేతుల్లో హిందువులు నలిగారు. సైన్యం వచ్చాక అమాయక ముస్లింల మీద పగ తీర్చుకున్నారు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు.

"అయితే రజాకార్లను మరిచిపొమ్మంటావా?" అని అడుగుతారు. మరిచిపోవద్దు. వాళ్ళతో పాటు షోయబుల్లా ఖాన్‌నూ గుర్తుపెట్టుకుందాం. హైదరాబాదులో 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు. హైదరాబాదు భారతదేశంలో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్ల మనుషులు ఆయన్ని నడివీధిలో చంపారు. నిజాంకు తుపాకులు మోసింది ఆస్ట్రేలియా దొర. ఇండియా కోసం ప్రాణమిచ్చింది హైదరాబాదీ ముస్లిం. మరి పేరు చూసి, మతం చూసి ఎవరు ఎవరి పక్షమో ఎలా తేలుస్తాం?

మనలో చాలామంది కాలువ నీళ్ళ వెంట వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళం. "మీరు ఆంధ్రావాళ్ళా, ఇక్కడివాళ్ళా?" అని ఎవరైనా అడిగితే మనకు ఎంత చివుక్కుమంటుందో తెలుసు. అదే ప్రశ్న మనకంటే ఎన్నో తరాల ముందు నుంచి జాలహళ్ళిలో ఉన్నవాళ్ళను మనం అడగడం ఏం న్యాయం?

నా మనవి ఒక్కటే. ఈసారి మన సభలో షోయబుల్లా ఖాన్ పేరు చెబుదాం. ఇరువైపులా చనిపోయినవాళ్ళకు రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం. పక్కింటి సాయిబుగారిని కూడా పిలుద్దాం. గ్రూపులో ఆ మాట పెట్టినవారు దాన్ని తీసేస్తే ఇంకా సంతోషం.

మీ అభిప్రాయం చెప్పండి.