పాత కార్డులకు హారతులు దేనికి?

పాత గ్రాఫిక్స్ కార్డుల మాటెత్తితే చాలు, మనవాళ్లకు గొంతు గద్గదమవుతుంది. వూడూ, 8800 జీటీ, 1080 టీఐ అంటూ స్తోత్రం అందుకుంటారు. ‘అప్పటివే కార్డులు, ఇప్పుడంతా దోపిడీ’ అని తీర్పు కూడా చెప్పేస్తారు. ఈ జాబితా ఎవరిదో గానీ, నరసరావుపేటలో, మాచర్లలో ఇంట్లోవాళ్లను బతిమాలి కంప్యూటర్ కొనిపించుకున్న కుర్రాళ్లది మాత్రం కాదు.

2003 ప్రాంతంలో మన అసెంబుల్డ్ సిస్టంలో గ్రాఫిక్స్ అంటే ఇంటెల్ ఆన్‌బోర్డే. 845జీవీ, తర్వాత 865జీవీ, ఆపైన 945జీ. సొంత మెమరీ లేదు, ఉన్న కాస్త ర్యామ్‌లోంచే వాటా లాక్కునేది. వైస్ సిటీ ఆటను దానిమీదే ఈడ్చాం. ఊళ్లో అసలైన కార్డు చూడాలంటే పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే స్టూడియోకు పోవాలి. అక్కడున్నదీ ఆటల కార్డు కాదు, కెనోపస్ లాంటి ఎడిటింగ్ కార్డు.

కాస్త కలిగినవాళ్లింటికి జీఫోర్స్ 4 ఎంఎక్స్ 440 వచ్చింది. దాన్ని తలచుకుని ఇప్పటికీ మురిసేవాళ్లున్నారు. 2002 నాటి ఆ కార్డుకు పేరులోనే నాలుగు, లోపల చాలావరకు జీఫోర్స్ 2. అంతకు ముందేడాది జీఫోర్స్ 3లో వచ్చిన పిక్సెల్ షేడర్లు ఇందులో పెట్టలేదు. 2003 చివర్లో ఆ షేడర్లు లేనిదే నడవని ప్రిన్స్ ఆఫ్ పర్షియా: శాండ్స్ ఆఫ్ టైమ్ ఆట వస్తే, డబ్బు పోసి కార్డు కొన్నవాడూ ఆన్‌బోర్డు వాడి పక్కనే నిలబడ్డాడు. త్రీడీ అనలైజ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఆటను ఏమార్చి తంటాలు పడ్డవాళ్లకు తెలుసు ఆ మాధుర్యం.

8800 జీటీ గొప్పదే, కాదనను. 2007లో ఆ ధరకు ఆ వేగం ఎవరూ ఇవ్వలేదు. అయితే ఒక్క స్లాటులో ఇరికించిన పలచటి కూలర్‌తో ఆట మొదలయ్యాక 90 డిగ్రీలకు చేరేది. ఏసీ గదిలో సమీక్ష రాసేవాడికి అదొక అంకె. రాష్ట్రంలోనే ఎండకు పేరుమోసిన రెంటచింతల పక్కన, వోల్టేజీ ఎగుడుదిగుళ్ల మధ్య, 450 వాట్లని స్టిక్కరు మీద తప్ప లోపలెక్కడా లేని చవక ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై)తో దాన్ని నడిపి చూడమనండి!

అభిమానించదగ్గ పాత కార్డు నా లెక్కలో ఒకటుంది. 2014లో వచ్చిన జీటీఎక్స్ 750 టీఐ. అరవై వాట్లతో సరిపెట్టుకుంది, చాలా మోడళ్లు ఎస్ఎంపీఎస్ నుంచి విడిగా వైరు కూడా అడగలేదు. పాత డబ్బాలో గుచ్చితే పనిచేసింది. స్తోత్రాల్లో దాని పేరు ఎప్పుడో గానీ వినిపించదు, రికార్డులేమీ బద్దలు కొట్టలేదు కదా.

ఇప్పుడు పెద్ద కార్డుల ధరలు మండుతున్నాయి, నిజమే. కానీ 2018లో 99 డాలర్లకు వచ్చిన రైజెన్ 3 2200జీ ప్రాసెసర్, కార్డే లేకుండా, సెట్టింగులు తగ్గిస్తే జీటీఏ ఫైవ్ ఆడించింది. గురజాలలో ఇవాళ మొదటి కంప్యూటర్ కొనే పిల్లవాడికి 2003 కంటే ఇదే మంచి కాలం. అతని ముందు కూర్చుని 1080 టీఐ పారాయణం చేసే పెద్దమనిషిని నేను అడిగేది ఒక్కటే: అయ్యా, ఆ కార్డు మీ ఇంట్లో ఉండేదా, యూట్యూబులో చూశారా?