గడువు తీరినా మిర్రర్ ఆగదు

వేంపల్లె మండలం ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ మొదలైంది 2008లో. పల్లెటూళ్ల పిల్లలను పదో తరగతి కాగానే చేర్చుకుని, చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి చదివించాలన్న ఆలోచనతో పుట్టిన క్యాంపస్ అది. అలాంటి చోట ప్రతి కంప్యూటరూ ఒకే లైనక్స్ ప్యాకేజీని విడివిడిగా బయటి నుంచి దించుకోవడం దండగ. ఒక్కసారి తెచ్చి లోపలి సర్వర్‌లో పెడితే అందరూ అక్కడి నుంచే తీసుకుంటారు. దాన్నే మిర్రర్ అంటారు. బయటి లైను తెగినా ల్యాబ్ నడుస్తుంది. సీమలోని ప్రతి ఇంజనీరింగ్ కాలేజీకీ ఒకటి ఉండాలని నా గట్టి అభిప్రాయం.

రెడ్ హ్యాట్ లాంటి చందా లైనక్స్‌తో మాత్రం ఒక చిక్కుంది. ప్యాకేజీలు ఇవ్వాలంటే మన సర్వర్ ముందు తన సర్టిఫికెట్ చూపాలి. దానికి గడువుంటుంది. కొత్తది వచ్చినప్పుడు ఫైలు పేరూ మారుతుంది, ఎందుకంటే సర్టిఫికెట్ సీరియల్ నంబరే ఆ ఫైలు పేరు. పాత ఫైలును వేరే చోటికి కాపీ చేసుకుని, ప్యాకేజీలు తెచ్చే స్క్రిప్ట్‌లో ఆ దారే రాసి వదిలేస్తే, చందా కట్టి ఉన్నా ఒక రోజు 403 అని తిప్పి పంపేస్తారు.

అసలు ప్రమాదం ఆ తర్వాతే. సింక్, అంటే కొత్త ప్యాకేజీలు తెచ్చుకోవడం, ఆగిపోతుంది గానీ మిర్రర్ ఆగదు. పాత సరుకును ఎప్పటిలాగే పంచుతూ ఉంటుంది. అప్‌డేట్లు ఉన్నాయా అని ల్యాబ్ కంప్యూటర్ అడిగితే ఏమీ లేవంటుంది. ఎవరికీ అనుమానం రాదు. 2022 జనవరి 25న లైనక్స్‌లో అధికారాలను చూసే పోల్‌కిట్‌లోని ‘పాన్‌కిట్’ లోపం బయటపడింది. మామూలు యూజర్ ఖాతా ఉన్న ఎవరైనా దాంతో రూట్ అధికారం సంపాదించవచ్చు. ప్రతి విద్యార్థికీ లాగిన్ ఉండే ల్యాబ్‌లో, ఆ వారమే సింక్ ఆగి ఉంటే ఏమవుతుందో ఊహించండి.

స్క్రిప్ట్ నడిచిన ప్రతిసారీ, ఫోల్డర్‌లో చెల్లుబాటులో ఉన్న సర్టిఫికెట్‌నూ దాని తాళంచెవినీ అదే వెతుక్కోవాలి. చివరి తేదీ ఎప్పుడో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఒక్క కమాండ్‌తో చెబుతుంది. నెల ముందే హెచ్చరిక రావాలి. అది ఒక్కరి మెయిల్‌కు కాదు, అందరూ చూసే పెట్టెకు రావాలి. మన దగ్గర మనుషులు బదిలీ అవుతారు, పాస్‌వర్డ్‌లు వాళ్లతోనే పోతాయి. వెబ్‌సైట్ల సర్టిఫికెట్లకైతే 2029 మార్చి 15 నుంచి గరిష్ఠ గడువు 47 రోజులే. క్యాలెండర్‌లో రాసుకుని చేత్తో మార్చుకునే రోజులు ఇక చెల్లవు.

చందా నిజంగా అవసరం లేని ల్యాబ్‌కు డెబియన్, ఆల్మాలైనక్స్ చాలు. వాటి ప్యాకేజీలకు ఇలాంటి సర్టిఫికెట్ అక్కర్లేదు. డెబియన్‌లో నాకు మరీ నచ్చింది ఇంకొకటి ఉంది. దాని భద్రతా అప్‌డేట్ల జాబితాలోనే చెల్లుబాటు తేదీ రాసి ఉంటుంది. మిర్రర్ పాతబడి ఆ తేదీ దాటితే విద్యార్థి కంప్యూటరే ఎర్రర్ చూపిస్తుంది. రెడ్ హ్యాట్ మిర్రర్ నడిపేవాళ్లు ఆ ఏర్పాటు సొంతంగా చేసుకోవాలి. చివరిసారి సింక్ అయిన తేదీని మిర్రర్ మొదటి పేజీలో పెట్టాలి. మూడు రోజులు దాటితే ల్యాబ్ ఇన్‌చార్జ్ ఫోన్‌కు మెసేజ్ వెళ్లాలి.