దేవుణ్ణి తండ్రి ఖాతాలో రాయకండి

బహ్రెయిన్ తెలుగువాళ్ల మధ్య ఈమధ్య ఒక మాట బాగా చెలామణీ అవుతోంది. సెలవురోజు సాయంత్రం అద్లియా హోటళ్లలో నాలుగు కుటుంబాలు కలిసి కూర్చుని పిల్లల పెంపకం గురించి మొదలుపెడితే చాలు, కబుర్లు అక్కడికే చేరతాయి. పిల్లలకు దేవుడంటే తండ్రేననీ, తండ్రి ఎలాంటివాడైతే వాళ్ల దేవుడూ అలాంటివాడేననీ అంటారు. అంతటితో ఆగితే ఊరుకోవచ్చు. తండ్రి గల్ఫ్‌లో ఉండిపోతే అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్లలకు దేవుడి మీద భయమూ నిలవదు, నమ్మకమూ కుదరదు అని దాని వెనకే ఇంకో తీర్పు చెబుతారు. ఇది సైకాలజీ తేల్చిన సంగతట! ఈ మాట తప్పు. తప్పొక్కటే అయితే ఇంత కోపం రాదు, ఇందులో క్రూరత్వం కూడా ఉంది. అద్లియాలో 338వ బ్లాకు వీధుల్లో బల్లల ముందు పెళ్లాం పిల్లలతో కూర్చోగలిగినవాడు ఫ్యామిలీ వీసా వచ్చినవాడు. అదే గోడ వెనక వంటగదిలో గిన్నెలు తోమే నిజామాబాద్ మనిషికో, కడప మనిషికో వచ్చే జీతం ఆ వీసాకు చాలదు. ఇంటినుంచి అతన్ని దూరం చేసింది వీసా నిబంధన, ఊళ్లోని అప్పు, వానకు ఎదురుచూసే పొలం. ఇన్ని మోసేవాడి నెత్తిన ఇప్పుడు పిల్లల దేవుణ్ణి పాడుచేసిన నింద కూడా పెడుతున్నారు.

ఈ వాదానికి పెద్ద దిక్కు ఫ్రాయిడ్. 1913లో టోటెమ్, టాబూల గురించిన పుస్తకంలోనూ, 1927లో మతాన్ని భ్రమ అన్న పుస్తకంలోనూ, దేవుడంటే మనిషి ఆకాశానికెత్తిన తండ్రేనని ఆయన వాదించాడు. సరే, ఆయన మాటే ప్రమాణం అనుకుందాం. మరి ఆయనకే దేవుడి గురించి మొదట చెప్పిందెవరు? తండ్రి కాదు. చిన్నప్పుడు తనను సాకిన ముసలి ఆయా దేవుడి గురించీ నరకం గురించీ ఎంతో చెప్పిందని 1897లో స్నేహితుడు ఫ్లీస్‌కు రాసిన ఉత్తరంలో ఫ్రాయిడే ఒప్పుకున్నాడు. ఆమె క్యాథలిక్, ఆయన యూదుల బిడ్డ. పసివాణ్ణి చర్చీలకు తీసుకెళ్లేది. ఆ ఉత్తరంలో ఉన్న పనిమనిషి, ఆ తర్వాత కట్టిన సిద్ధాంతంలో లేకుండా పోయింది. తండ్రి మిగిలాడు, జీతానికి పిల్లవాణ్ణి ఎత్తుకుని తిరిగిన మనిషి జారిపోయింది. ఫ్రాయిడ్ బాటలోనే నడిచిన అనా మరియా రిజుటో 1979లో రాసిన పుస్తకంలో, పిల్లల మనసులోని దేవుడు ఒక్క తండ్రి పోలికతో రాడనీ, తల్లీ తాతా అవ్వా అందరూ కలిస్తే వస్తాడనీ, ఆ తర్వాత కూడా మనిషి జీవితమంతా ఆ రూపాన్ని దిద్దుకుంటూనే ఉంటాడనీ చూపించింది. అద్లియా బల్లల దగ్గర ఆమె పేరు ఎవరూ ఎత్తరు.

ఆ జారిపోయిన మనిషి దగ్గరే కాసేపు ఆగాలి, ఎందుకంటే ఆమె మనకు పరాయిది కాదు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఖద్దామా వీసా, అంటే ఇంటి పనిమనిషి వీసా మీద గల్ఫ్‌కు వచ్చిన ఆడవాళ్లు ఏళ్ల తరబడి పరాయి ఇళ్లలో పిల్లల్ని పెంచారు, ఇప్పటికీ పెంచుతున్నారు. అన్నం తినిపించేటప్పుడు, నిద్రపుచ్చేటప్పుడు, పిల్లవాడు పడి మోకాలు చెక్కుకున్నప్పుడు ఆమె నోట అప్రయత్నంగా వచ్చే పేరు ఆమె దేవుడిదో అమ్మవారిదో, ప్రభువుదో అయి ఉంటుంది. ఆ పిల్లవాడి తండ్రి ఆ గంటలో ఆఫీసులో ఉంటాడు. ఊళ్లో ఆమె సొంత బిడ్డ మరో చేతిలో, అమ్మమ్మ చేతిలోనో మేనత్త చేతిలోనో పెరుగుతుంది. ఇక్కడా అక్కడా పసిమనసులో దేవుడి పేరు నాటుతున్నది తండ్రి కాదు. ఈ సంగతి కళ్లముందే నడుస్తుంటే, తండ్రి ఇంట్లో ఉంటే దేవుడు సరిగా ఉంటాడనీ లేకపోతే వంకరపోతాడనీ లెక్కలు కట్టడం ఏం న్యాయం? పైగా అమ్మమ్మ పెంపకం అంటే ఏదో లోటు అన్నట్టు మాట్లాడతారు. తెలుగు పల్లెలో దేవుడికి తండ్రి ముఖం కంటే ముందు అమ్మ ముఖం ఉంది. పోచమ్మ, మైసమ్మ, ఎల్లమ్మ, పోలేరమ్మ పిల్లల్ని కాపాడతారు, కోపమొస్తే ఊరినే వణికిస్తారు. ఆ అమ్మల్ని పిల్లలకు పరిచయం చేసేది బోనం వండే అవ్వలే. వియన్నాలో ఫ్రాయిడ్ కట్టిన తండ్రి కొలతను తెచ్చి ఈ అమ్మలకు ఎలా సరిపెడతారు?

కొలతల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. కిర్క్‌ప్యాట్రిక్, షేవర్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1990లో చిన్ననాటి అనుబంధానికీ భక్తికీ ఉన్న సంబంధాన్ని పరీక్షించారు. తల్లి తనను దూరం పెట్టిందని చెప్పినవాళ్లలో, అదీ ఆ తల్లికి భక్తి అంతగా లేని ఇళ్లలో, పెద్దయ్యాక దేవుడివైపు గట్టిగా తిరిగినవాళ్లు ఎక్కువగా కనిపించారు. ఇది చెబితే వెంటనే జవాబు సిద్ధంగా ఉంటుంది: ప్రేమ దొరకలేదు కాబట్టే దేవుణ్ణి వెతుక్కున్నారు అని. దొరికితే దాని వల్ల, దొరక్కపోతే దాని లోటు వల్ల! ఏం జరిగినా తనదే నిజమనే సిద్ధాంతం ఏమీ చెప్పనట్టే లెక్క.

మన చరిత్ర ఏం చెబుతోంది? ప్రహ్లాదుడి సంగతి అందరికీ తెలుసు, తండ్రి ఇంట్లోనే ఉండి గురువుల్ని పెట్టి మరీ చెప్పించినా కొడుకు తండ్రి దారి పట్టలేదు, దాన్ని సాగదీయను. పురాణం వద్దంటే పురుషోత్తమ చౌదరిని చూడండి. 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రీస్తును నమ్మాడు. తాను పెరిగిన ఇంటి సంగీతాన్ని వదలకుండా ఆ రాగాల్లోనే కీర్తనలు కట్టాడు. అవి నేటికీ తెలుగు చర్చిల్లో వినిపిస్తాయి. రాగం పెంపకం నుంచి వచ్చింది, దేవుడు మాత్రం రాలేదు. గుర్రం జాషువా క్రైస్తవ తల్లిదండ్రుల ఇంట్లో పుట్టాడు. 1941 నాటి ‘గబ్బిలం’లో అంటరానివాడి మొరను గబ్బిలం చేత శివుడికి పంపాడు, తర్వాత ‘క్రీస్తు చరిత్ర’ రాశాడు. ఈ రెండింటిలో ఏది తండ్రి నీడ? ఇల్లు మనకు భాష ఇస్తుంది, పాట ఇస్తుంది, దణ్ణం పెట్టే తీరు నేర్పుతుంది. ఆ భాషలో ఎవరిని పిలవాలి, ఏమడగాలి, ఎప్పుడు నిలదీయాలి అనేది ఆకలీ అవమానమూ చావూ పుస్తకమూ తేలుస్తాయి.

ఎక్కువమంది తల్లిదండ్రుల మతంలోనే ఉండిపోతారు కదా అంటారు. నిజమే, మతం పేరు ఇంటిపేరులాగే వస్తుంది. కానీ ఒకే తల్లి కడుపున పుట్టి ఒకే దేవుడి గదిలో దీపం చూసిన అన్నదమ్ముల్లో ఒకడు ఏటా మాల వేస్తాడు, ఇంకొకడు గుడి మెట్టెక్కడు. గోరా సంగతేమిటి, నాస్తికుడి పిల్లలు నాస్తికులే అయ్యారు కదా అనేవాళ్లూ ఉన్నారు. ఆ గోరా పుట్టింది సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో. తన భావాల వల్ల 1933లో కాకినాడలో కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆయన కొడుకు లవణం నాస్తికుడిగా ఉంటూనే, దేవుణ్ణి నిండుగా నమ్మిన వినోబా భావే పక్కన నడిచి భూదాన యాత్రలో ఆయన మాటల్ని తెలుగు చేశాడు. జాషువా కూతురు హేమలతను పెళ్లాడాడు. తండ్రి అచ్చు అంత గట్టిదైతే ఈ మలుపులన్నీ ఎక్కడివి? బహ్రెయిన్‌లోనైతే ఊళ్లో ఆదివారం చర్చికి వెళ్లే తెలుగు క్రైస్తవులు ఇక్కడ శుక్రవారం ఆరాధనకు కూడుతున్నారు, ఎందుకంటే సెలవు ఆ రోజే. మనామా బజారులోని శ్రీనాథ్‌జీ గుడి రెండు వందల ఏళ్ల నాటిది, సింధీ వ్యాపారులు కట్టుకున్నది; ఆ గడప ఇవాళ మన పిల్లలకూ గుడే. వలస కూడా దేవుణ్ణి నేర్పుతుంది. దాన్ని వదిలేసి తండ్రినొక్కణ్ణే పట్టుకుంటారా?

మరి ఏం చేయాలి అంటే, నా దగ్గర పెద్ద ప్రణాళిక లేదు. నీ దేవుడు ఎలా ఉంటాడో చెప్పమని పిల్లల్ని అడిగి వినాలి. ఎవరి దగ్గర నేర్చుకున్నావని కూడా అడగాలి, ఆ మనిషిని గౌరవించాలి. పెద్దలు తమకు తెలియనిది తెలియదని చెప్పాలి. అంతకుమించి అడిగేది ఒక్కటే. అద్లియాలో బల్ల చుట్టూ చేరి పెంపకం గురించి మాట్లాడే అన్నలారా, అక్కలారా, ఈసారి ఆ తండ్రి మాట నోటిదాకా వచ్చినప్పుడు గోడ వెనక గిన్నెలు తోముతున్న మనిషిని తలుచుకోండి. రాత్రి పని దిగాక అతను ఫోన్ చేసి ఊళ్లోని కూతుర్ని పలకరిస్తాడు. ఆ కూతురి దేవుడి గురించి తీర్పు చెప్పే హక్కు మీకు లేదు, ఆ మాట ఇక మానండి.